చెవిలో చెప్పిన పేరు

కాగితం మీద నాకు నత్తి లేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను. నోటితో చెప్పమంటే ఈ మొదటి వాక్యం దగ్గరే మీరు వాచీ చూసుకునేవాళ్ళు. మర్యాదస్తులైతే నా బదులు మీరే వాక్యం పూర్తిచేసి, "అదే కదా మీరు చెప్పేది" అనేవాళ్ళు. కాదని చెప్పాలంటే ఇంకో వాక్యం కావాలి, అది మళ్ళీ నేనే పలకాలి. ఆ కష్టమెందుకని చిన్నప్పటి నుంచీ ఎవరేది అన్నా తలూపడం అలవాటు చేసుకున్నాను. మా ఊళ్ళో నాకు నెమ్మదస్తుడనే పేరు అలా వచ్చింది. లోపల ఎన్ని తిట్లు మూటగట్టుకుని తిరిగేవాణ్ణో ఎవరికీ తెలీదు.

అన్ని అక్షరాలూ నన్ను పగబట్టలేదు. పెదాలు మూసి మొదలుపెట్టాల్సినవే పట్టాయి. పెదాలు మూసుకుంటాయి, ఇక తెరుచుకోవు. మెడ నరాలు లేస్తాయి, ఎడమ కన్ను కొట్టుకుంటుంది, ఎదుటివాడు జాలిగా చూడటం మొదలుపెడతాడు. ఆ జాలి చూపు ముందు నేను నిలవలేను. వయసులో ఉన్నప్పుడు అనంతపురం నుంచి పెనుకొండకు పోవాలంటే కండక్టరుతో ఆ ఊరి పేరు అనలేక, దాని తర్వాత వచ్చే సోమందేపల్లెకు టికెట్ తీసుకుని పెనుకొండలో దిగిపోయేవాణ్ణి. "ఏమప్పా, నీ ఊరు ఇంగా రాల్యా, యాడికి దిగిపోతాండావు" అని కండక్టరు వెనకనుంచి కేకేసేవాడు. నేను తిరిగి చూడకుండా నడిచేవాణ్ణి. నన్ను చెవిటివాడనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

పెళ్ళి కుదిరినప్పుడు మా అమ్మ వచ్చి అమ్మాయిది పెనుకొండ పక్క పల్లె అనీ, కుట్టుపని వచ్చనీ, చూడ్డానికి లక్షణంగా ఉంటుందనీ చెప్పింది. పేరు కూడా చెప్పింది. పెదాలు మూసుకుంటే గానీ మొదలుకాని పేరు. కాసేపటికి నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. మా వైపు మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం ఎక్కడుంది? మా నాయన మా అమ్మను జీవితమంతా "ఇదో" అనే పిలిచాడు. నేనూ అలాగే గడిపేస్తాననుకున్నాను. వాకిలి సంగతి మరిచిపోయాను.

పెళ్ళయి కొత్త కోడలితో ఇంటికొచ్చినప్పుడు ఆడబిడ్డలు వాకిలికి అడ్డం నిలబడతారు కదా. పేర్లు చెప్పందే లోపలికి రానివ్వరు. మా అక్క, ఆమె వెనక పిన్నమ్మ కూతుళ్ళు, ఆ వెనక వీధిలోని ఆడవాళ్ళంతా నిలబడ్డారు. పెళ్ళికూతురు ముందుగా నా పేరు చెప్పేసింది, తల వంచుకున్నా గొంతు వంచలేదు. ఇక నా వంతు. పెదాలు మూసుకున్నాయి. అందరూ నవ్వుతున్నారు, సిగ్గనుకుని. మా అమ్మ మాత్రం నవ్వడం లేదు. మంగళవాద్యం వాళ్ళు కూడా ఆపి చూస్తున్నారు. ఎండలో నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. నా పక్కనున్న ఆ అమ్మాయికి అప్పుడు అర్థమైంది, ఇది సిగ్గు కాదని. నా చెయ్యి పట్టి కొంచెం కిందికి లాగింది. నేను ఎందుకో తెలియకుండానే వంగాను. నా నోరు ఆమె చెవి దగ్గరికి పోయింది. అక్కడ కూడా వట్టి ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

ఆమె తలెత్తి మా అక్కతో అంది. "చెప్పినాడు వదినా. నా చెవిలో చెప్పినాడు, నాకు ఇనపడింది. నా పేరు నాకు ఇనపడితే సాలదా? ఇంగ దోవ ఇడ్సండి, కాళ్ళు కాల్తాండాయి."

వాకిలంతా గొల్లుమంది. గట్టి పిల్లే వచ్చిందన్నారు. నేను ఆ రోజు ఆమె వెనక నా ఇంట్లోకి అడుగుపెట్టాను. అప్పటి నుంచి నా మాట ఆమె నోట్లోకి మారింది.

కళ్యాణదుర్గంలో మాకు టైలరింగ్ అంగడి. ఆడవాళ్ళ జాకెట్లు, పిల్లల గౌన్లు. ముందర బల్ల దగ్గర ఆమె కూర్చునేది, కొలతలు తీసుకునేది, గిరాకీలతో మాట్లాడేది. మధ్యలో ఒక గుడ్డ తెర. తెర వెనక నేనూ నా మిషనూ. గిరాకీ ఎవరైనా "చేతులు బిగుసుకున్నాయి" అని జాకెట్ తెచ్చి పడేస్తే, నేను లోపల ఏమనుకుంటున్నానో ఆమె బయట చెప్పేది. "కొలతిచ్చి ఆర్నెల్లాయ గదమ్మా, చేతులు పెరిగింటాయి, జాకెట్ యాడ తగ్గుతాది" అనేది. నాకు రాని కోపాలు కూడా నా పేరు మీద చెప్పి పనులు చేయించుకునేది. "మా ఆయప్పకు కోపమొస్తే నేను పట్టలేనమ్మా" అని ఆమె అంటుంటే తెర వెనక నేను కాజాలు కుట్టుకుంటూ నవ్వుకునేవాణ్ణి.

మా ఇద్దరి జగడాలు కూడా ఆమే ఆడేది, రెండు పక్కలా. "నువ్వేమంటావో నాకు తెలుసులే. మీ తమ్మునికి గుడ్డలు ఎందుకు పెట్నావు అంటావు. నేనేమంటానంటే, నీ అక్కకు పెట్టినప్పుడు నేనేమన్నా అంటినా?" అని ఆగేది, మళ్ళీ నా గొంతుతో నాకు తోచనంత మంచి జవాబు తనే చెప్పేది. కొన్నిసార్లు నా వాదనే గెలిచేది. "పోనీలే, ఈసారి నీదే నాయం" అని వండడానికి లేచేది. మాకు పిల్లలు కలగలేదు. ఆ మాట కూడా బంధువులతో ఆమే చెప్పేది, నేను పక్కన నిలబడి ఉండగా, ఎవరి లోపమో ఎవరూ అడగలేనంత సూటిగా.

ఇదంతా నాకు సుఖంగా ఉండేది. దాచడం ఎందుకు, అంత సుఖం మా ఇళ్ళలో ఎవరూ ఎరగరు.

ఆమెకు జబ్బని తెలిసింది బెంగళూరులో. అంతకు ముందు కడుపునొప్పి, కషాయాలు, అనంతపురంలో పరీక్షలు. బెంగళూరు డాక్టరు కన్నడంలో మొదలుపెట్టి మా మొహాలు చూసి తెలుగులోకి వచ్చాడు. నా వైపు తిరిగి, "ఎన్నాళ్ళుగా ఉంది నొప్పి ఆమెకు?" అని అడిగాడు. మగవాణ్ణి కదా, నన్నే అడిగాడు. నేను నోరు తెరిచాను. ఆమె అందుకుంది. తన నొప్పి ఎప్పుడు మొదలైందో, ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుందో, ఎవరో పక్కింటి మనిషి గురించి చెబుతున్నట్టు చెప్పింది. డాక్టరు ఆమెను బయట కూర్చోమని నాతో ఒంటరిగా మాట్లాడాలన్నాడు. ఆమె కదల్లేదు. "మా ఆయప్పకు సెప్పేదేదో నాకే సెప్పండి సార్, నేను ఆయప్పకు సెప్తా" అంది. అలా ఆమె చావు కబురు ముందు ఆమే విని, తర్వాత నాకు చెప్పింది. ఆ గదిలో నా కుర్చీలో ఒక మూట పెట్టినా సరిపోయేది.

తిరుగు ప్రయాణంలో ఆమె పుట్టింటికి చెప్పి పోదామని పెనుకొండకు బయల్దేరాం. బస్సులో కండక్టరు వచ్చాడు. ఎప్పుడూ ఆమే టికెట్ తీసేది. ఆ రోజు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కండక్టరు నిలబడే ఉన్నాడు. ఆమె భుజం తట్టాను. కదల్లేదు. పాత అలవాటు నోటికొచ్చింది. "సోమందేపల్లె, రెండు" అన్నాను. అనంతపురం వైపు నుంచి వచ్చేటప్పుడు ఆ తెలివి పనికొచ్చేది. బెంగళూరు వైపు నుంచి వస్తే సోమందేపల్లె ముందు వస్తుంది, పెనుకొండ తర్వాత. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

సోమందేపల్లెలో బస్సు ఆగగానే ఆమె లేచింది. "దిగు" అంది. ఇది మన ఊరు కాదని నేను చేతులు ఊపుతున్నా వినలేదు. "టికెట్ ఈడికే గదా తీస్కున్యావు" అంది. ఆసుపత్రి సంచి పట్టుకుని హైవే పక్కన ఎండలో నిలబడ్డాం. లారీలు పోతుంటే దుమ్ము మా మొహాన కొడుతోంది. ఆమె చీరకొంగుతో మొహం తుడుచుకుని, నా మొహం కూడా తుడిచింది.

"సూడప్పా. ఇన్నేండ్లు నీ మాట నేను మాట్లాడినా. నాకేమీ బరువు కాల్యా. కానీ నేను పోయినాక నువ్వు ఇట్లనే, దిగల్సిన ఊరికి ముందే దిగిపోయి రోడ్డు మింద నిలబడుకుంటావు. అది తల్సుకుంటే నాకు ఆ జబ్బు కంటే ఎక్కువ నొప్పి పుడ్తాది. ఇంగమీద నీ మాట నువ్వే సెప్పుకోల్ల."

నేను ఏడ్చాను. ఏడుపుకు నత్తి లేదు. ఆమె ఏడవలేదు. షేర్ ఆటో వస్తే చెయ్యెత్తి ఆపింది, ఆపి నా వైపు చూసింది, ఎక్కడికో నేనే చెప్పాలన్నట్టు. నేను చెప్పేదాకా ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. నాలుగో ప్రయత్నానికో ఐదోదానికో పెనుకొండ బయటికొచ్చింది. ఆటోవాడు, "ఎక్కన్నా, ఆ మాటకు ఇంతసేపా" అన్నాడు. వాణ్ణి ఆమె ఏమీ అనలేదు. మామూలుగా అయితే వాడి పని అయిపోయేదే.

జాకెట్లు కుట్టించుకునే ఒక టీచరమ్మ ద్వారా ఆమెకు అనంతపురంలో జరిగే శిబిరం గురించి తెలిసింది. వ్యక్తిత్వ వికాసం, రెండు రోజులు, ఒక కల్యాణ మంటపంలో. నన్ను అడగకుండానే పేరు రాయించేసింది. నాకు ఒళ్ళు మండింది. పోనని చెప్పడానికి నోరు తెరిస్తే ఆమె చేతులు కట్టుకుని, నేను పూర్తిచేసే దాకా చూస్తూ కూర్చుంది. నా 'పోను' పూర్తయ్యేలోపు నా కోపం చల్లారింది.

శిక్షకుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. మా ఎండల్లో కోటు వేసుకున్నాడంటేనే నాకు నమ్మకం పోయింది. "మీరు గెలవడానికే పుట్టారు, అవునా కాదా?" అని అరిచేవాడు. మేమంతా "అవును" అని అరవాలి. గుంపుతో కలిసి అరిస్తే నాకు నత్తి రాదు, అందుకని ఆ పూట అందరికంటే నేనే గట్టిగా అరిచాను. నా పక్కన కూర్చున్న రైతుకు వేసిన బోర్లన్నీ ఎండిపోయాయట. ఆయన కూడా అరిచాడు, కానీ ఎందుకు పుట్టామో తేల్చుకోలేనివాడిలా. "మీ కంఫర్ట్ జోన్‌లోంచి బయటికి రండి" అంటాడు శిక్షకుడు మాటమాటకీ. వానల్లేని మా జిల్లాలో సుఖంగా ఉన్నవాడెవడని నాకు నవ్వొచ్చింది. బయటికి రమ్మంటే బెంగళూరుకు కూలికి పోవడం తప్ప ఇంకెక్కడికి వస్తారు?

రెండో రోజు నవ్వు పోయింది. అందరికీ తలా ఒక తాడు ఇచ్చి నేల మీద గుండ్రంగా పరచమన్నారు. దాని మధ్య నిలబడాలి. ఏది లేకపోతే మనకు గడవదో దాన్ని మనసులో తలుచుకోవాలి. తర్వాత తాడు దాటి బయటికి అడుగు వెయ్యాలి. ఒకడు టీవీ అన్నాడు, ఒకామె నిద్ర అంది. ఒక్కొక్కరూ దాటుతుంటే చప్పట్లు, ఈలలు. నా వంతు వచ్చింది. ఆ తాడు లోపల నాతోపాటు ఎవరున్నారో నాకు తెలుసు. ఆమె తప్ప అందులో ఇంకేమీ లేదు. దాటమంటే ఆమెను లోపల వదిలేసి రావడం. చప్పట్లు కొట్టడానికి నా చుట్టూ అందరూ చేతులెత్తి పెట్టుకున్నారు. శిక్షకుడు "కమాన్ బ్రదర్" అన్నాడు. వాణ్ణి కొట్టాలనిపించింది. తాడు కాలితో తన్ని వరండాలోకి వచ్చేశాను.

అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో ఆమె కూర్చుని ఉంది. రెండు రోజులూ నాతోపాటు బస్సులో వచ్చి, నన్ను లోపలికి పంపి, అక్కడే కూర్చుందట. ఒళ్ళో మడత పెట్టిన తువాలు, నీళ్ళ బాటిలు. కిటికీలోంచి అంతా చూసింది.

"యాల వచ్చేసినావు?" అంది.

నేను చెప్పాను. ఆ చెప్పడానికి చాలాసేపు పట్టింది. తాడు లోపల నువ్వున్నావు, నేను దాటను అని. ఆమె నా బదులు పూర్తి చెయ్యకుండా పెదాలు బిగబట్టి విన్నది. విన్న తర్వాత తువాలు తీసి నా మెడ తుడిచింది.

"నేను దాంట్లో లేకుండా పోయే దినం ఎట్లయినా వస్తాది. ఆ పొద్దు నిన్ను ఎవరో ఒకరు బయటికి తోస్తారు. దానికంటే ఇప్పుడు నువ్వే దాటితే, నేను ఈడ కూసోని సూస్తా గదప్పా. నాకు సూడల్లని ఉండాది."

లోపలికి పోయి దాటాను. చప్పట్లు కొట్టారు. కిటికీ బయట ఆమె కూడా కొట్టింది.

శిక్షకుణ్ణి నేను తిట్టుకున్నాను గానీ మనిషి చెడ్డవాడు కాదు. సాయంత్రం అందరూ పోయాక కోటు విప్పి నా పక్కన కూర్చున్నాడు. కోటు లేకపోతే సన్నగా, అలిసిపోయి ఉన్నాడు. అరవడం తప్ప తనకు నత్తి గురించి ఏమీ తెలీదని ఒప్పుకుని, అనంతపురంలోనే మాట నేర్పే ఒక మేడమ్ దగ్గరికి పంపాడు. ప్రతి ఆదివారం పోయేవాళ్ళం. ఆ మేడమ్ ఎప్పుడూ గట్టిగా మాట్లాడేది కాదు. పెదాలు బిగించొద్దు, ఆకు మీద ఆకు ఆనించినట్టు వదులుగా ఆనించు, ముందు ఊపిరి వదులు, దాని వెనకే అక్షరాన్ని సాగదియ్యి అనేది. ఆగిపోతే ఆగిపో, పారిపోవద్దు, కళ్ళు దించుకోవద్దు అనేది. అంగట్లో దాన్ని రోజూ సాధన చెయ్యమంది.

అంగట్లో తెర తీయించేసింది మా ఆమె. నేను ముందర బల్ల దగ్గర, ఆమె మిషను దగ్గర. గిరాకీలకు మొదట్లో ఇబ్బందే అయింది. నేను మాట మధ్యలో నిలబడిపోతే వాళ్ళు ఆమె వైపు చూసేవాళ్ళు. ఆమె మిషను మీంచి తలెత్తేది కాదు. కానీ నాకు తెలుసు, నా మాట కోసం ఆమె పెదాలు కదిలేవి. ఆగలేనప్పుడు చీరకొంగు నోట్లో కుక్కుకునేది. ఒకరోజు "భుజాల దగ్గర" అన్న మాట మీద నేను చాలాసేపు నిలబడిపోయాను. ఆమె కొంగు కొరికి కొరికి చివరికి లేచి వీధిలోకి పోయింది. నేను మాట పూర్తిచేసి కొలత రాసుకున్నాక లోపలికొచ్చింది. ఆమె కళ్ళు తడిసి ఉన్నాయి. "వచ్చిందా?" అంది. "వచ్చింది" అన్నాను.

నెలలు గడిచేకొద్దీ నా మాట బాగుపడింది, ఆమె ఒళ్ళు చెడింది. ఈ రెండింటికీ లంకె ఉందని నా మనసు నమ్మడం మొదలుపెట్టింది. తెలివి తక్కువ ఆలోచనే. కానీ బెంగళూరులో మళ్ళీ డాక్టరు అడిగినప్పుడు, ఆమె రాత్రులు ఎంత నొప్పి పడుతుందో నేనే చెప్పాను, ఆగుతూ, సాగదీస్తూ, అంతా చెప్పాను. ఆమె గోడ మీది బొమ్మ వైపు చూస్తూ నవ్వుకుంది. బడిలో బహుమతి గెలిచిన పిల్లవాడి తల్లి అలా నవ్వుతుంది. అదే పూట డాక్టరు ఇక మందులతో పని లేదని, ఇంటికి తీసుకుపొమ్మని నాకొక్కడికే చెప్పాడు. ఈసారి ఆ మాట ముందు విన్నవాణ్ణి నేను. ఆమెకు చెప్పాల్సినవాణ్ణీ నేనే. ఆసుపత్రి వసారాలో కూర్చోబెట్టి చెప్పాను. ఒక్క అక్షరం కూడా తడబడలేదు. అంత చక్కగా చెప్పగలిగినందుకు నన్ను నేను అసహ్యించుకున్నాను.

ఒక్క మాట మాత్రం మిగిలిపోయింది. ఆమె పేరు. బస్సు కండక్టర్లతో, డాక్టర్లతో, దారాల అంగడివాడితో ఫోనులో కూడా మాట్లాడేవాణ్ణి. ఆ పేరు దగ్గర మళ్ళీ వాకిట్లో నిలబడ్డ పెళ్ళికొడుకునయ్యేవాణ్ణి. ఆమెకూ తెలుసు. ఇంటికొచ్చాక ఒక పొద్దున మంచం మీద కూర్చుని, నేను జావ తాగిస్తుంటే అంది. "పెండ్లి పొద్దు మీ అక్కతో అబద్ధం సెప్పినా, నా సెవిలో సెప్పినావని. నేను పోయే లోపల ఆ అబద్ధాన్ని నిజం సెయ్యప్పా. నాకేమీ వద్దు. నీ నోట నా పేరు ఎట్లుంటాదో ఇనల్ల."

సరేనన్నాను. మిషను తొక్కుతూ సాధన చేశాను. చక్రం తిరిగే చప్పుడులో ఎవరికీ వినపడదు. గోడతో అన్నాను, వచ్చింది. అద్దంలో అన్నాను, వచ్చింది. ఆమె ఎదురుగా కూర్చుంటే రాదు. "ఈ పొద్దన్నా?" అనేది రోజూ, ఆటపట్టిస్తున్నట్టు. నేను వేరే మాట ఎత్తేవాణ్ణి.

ఒక సాయంత్రం ఆమెను ఎత్తుకొచ్చి వాకిట్లో మంచం మీద పడుకోబెట్టాను. చిన్నపిల్లంత బరువు లేదు. గాలి కొంచెం చల్లగా ఉంది. ఇవాళ అని నిశ్చయించుకుని ఆమె చెవి దగ్గరికి వంగాను. పెదాలు వదులుగా ఆనించాను, మేడమ్ చెప్పినట్టే. ఊపిరి వదిలాను. మొదటి అక్షరం అందింది, సాగింది, అక్కడ నిలిచిపోయింది. కళ్ళు దించుకోలేదు. అలాగే వంగి ఉన్నాను. ఇంకొక్క క్షణం ఉంటే వచ్చేదే. అంతలో ఆమె, ఇన్నేళ్ళ అలవాటు కదా, ఆగలేక, తన పేరు తనే పూర్తిచేసేసింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "అయ్యో, నేనే అనేస్తినే" అంది. నవ్వు పట్టలేకపోయాం. ఆమెకు నవ్వితే నొప్పి, అయినా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. జబ్బు తెలిసిన తర్వాత ఆమె నా ముందు ఏడవడం అదే మొదలు. "ఇంగోసారి సెప్పు, ఈసారి కొంగు నోట్లో పెట్టుకుంటా" అంది. నిజంగానే కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, నా వైపు చూస్తూ ఎదురుచూసింది. ఆ చూపు చూశాక ఆ మొదటి అక్షరం కూడా రాలేదు. రేపు అన్నాను.

ఆ తర్వాత మందుల మత్తులోనే ఎక్కువసేపు ఉండేది. ఆమె తమ్ముడు, నా బామ్మర్ది, పెనుకొండ నుంచి వచ్చి మాతోనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం నొప్పి మందు అయిపోతే బజారుకు పోయాను. మందుల అంగట్లో ఆ మందు లేదంటే, ఇంకెక్కడ దొరుకుతుందో అడిగి, అక్కడికి పోయి, చీటీ చూపించకుండా మందు పేరు నోటితో చెప్పి తెచ్చాను. ఆమెకు చెప్పాలని తొందరగా నడిచాను. వీధి మలుపు తిరిగేసరికి మా వాకిట్లో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. నన్ను చూసి పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.

బామ్మర్ది నా చేతిలో మందుల పొట్లం తీసుకున్నాడు. "ఇప్పుడే బావా" అన్నాడు. పొట్లం కిటికీలో పెట్టి చెప్పాడు. "మెలకువొచ్చి నువ్వు యాడికి పోయినావని అడిగింది. మందుకు పోయినాడక్కా అంటి. 'అంగట్లో తనే అడుగుతాడా' అనింది. ఎందుకు అడగడక్కా, బావ ఇప్పుడు అందరితో మాట్లాడతాండాడు గదా అంటి. నవ్వింది బావా. నవ్వి కండ్లు మూసుకునింది."

నేను మంచం పక్కన కూర్చున్నాను.

మరుసటి రోజు తీసుకుపోయారు. మా ఊరి శ్మశానానికి వంక దాటి పోవాలి. దారికి రెండు పక్కలా చెనక్కాయ చేలు, వాన లేక ఆకులు ముడుచుకుని ఉన్నాయి. ఎండిన వంకలో ఇసుక మీద పాడె దించారు. దింపుడు కళ్లం. ప్రాణం ఎక్కడైనా దాక్కుని ఉంటే పలుకుతుందని, సగం దారిలో దించి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. చిన్నప్పటి నుంచీ ఎన్నో చావుల్లో చూశాను. ఆ పని నాకు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

పెద్దమనిషి ఒకాయన, "ఎవరప్పా పిలిచేది?" అని అడిగాడు. నా బామ్మర్ది ముందుకొచ్చాడు. నన్ను కాపాడాలనే వచ్చాడు పాపం, వాళ్ళ అక్క చేసినట్టే. "మా బావకు కష్టమవుతాది, నేను పిలుస్తాలే" అన్నాడు.

"నేనే" అన్నాను.

ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. డప్పులు ఆపేశారు. చుట్టూ అందరూ నిలబడి నా నోటి వైపు చూస్తున్నారు. ఆమె మొహం మీది పూలు కొంచెం పక్కకు జరిపి, చెవి దగ్గరికి వంగాను. పెదాలు వదులుగా ఆనించాను. ఊపిరి వదిలాను. మొదటి అక్షరం వచ్చింది.

అక్కడ ఆగాను. వెనక నుంచి ఎవరో "పాపం" అన్నారు. బామ్మర్ది నా భుజం మీద చెయ్యి వేశాడు, ఇక తను చెబుతానన్నట్టు. నేను ఆ చెయ్యి తీసేశాను. తర్వాత మిగిలిన పేరు చెప్పాను. రెండోసారీ, మూడోసారీ ఎక్కడా ఆగకుండా పిలిచాను. బాగా పిలిచినాడని పెద్దాయన అన్నాడు. పాడె ఎత్తారు, డప్పులు మొదలయ్యాయి.

మొదటిసారి నేను ఆగింది నత్తి వల్ల అని అక్కడున్న అందరూ అనుకున్నారు. నత్తి కాదు. ఆమె అందుకుంటుందేమోనని ఆగాను.